వత్తు విరిగిన అక్షరం

జిల్లా కోర్టు ప్రహరీ పక్కన
నీలం టార్పాలిన్ కింద నా మిషను.
హుద్‌హుద్‌కి పైకప్పు ఎగిరిపోయింది గానీ
మిషను మీద నేను పడుకున్నాను కాబట్టి అది మిగిలింది.
పేజీకింతని ఊళ్లోవాళ్ల ప్రమాణాలు కొట్టిపెడతాను.
చదవను.
వేళ్లు చదువుకుంటాయి, నాకు చెప్పవు.

పోలమ్మ మూడు నెలలకోసారి వచ్చేది.
పూర్ణా మార్కెట్లో అమ్మగా మిగిలిన నెత్తళ్ల బుట్ట
నా బల్ల కిందికి తోసి
చుట్టకుదురు మడతలోంచి డబ్బు తీసేది.
"మా తమ్ముడికి ఇంకో కాయితం కొట్టాల బాబూ."
పెరోల్‌కి, కంటి ఆపరేషన్‌కి,
అడవివరం జైల్లోంచి వేరే ఊరు పంపొద్దని.
పేజీ దగ్గర రెండు రూపాయలు బేరం ఆడేది.
కాగితానికి ఎండుచేప వాసన పట్టేది.
గుమస్తా ముక్కు పక్కకి తిప్పి ముద్ర వేసేవాడు.

తమ్ముడు అరిజిల్లి దానయ్య,
పెదజాలరిపేట, బోటు మీద కళాసీ.
బోటు ఓనరు హత్య కేసు, యావజ్జీవం.
అతని ఇంట్లో వల మడతలో కత్తి దొరికిందట.
దొరకడం చూశామని ఇద్దరు సంతకాలు పెట్టారు.
ఒకాయన పోయాడు.
గాజువాకలో ఉన్న రెండో ఆయనకి ఏమీ గుర్తులేదట.

నాకు గుర్తుంది.

లాయరు బొడ్డేటి సువర్చల ఫీజు తీసుకోదు.
హెల్మెట్‌లో ఫైళ్లు కుక్కుకుని
హార్బరు నుంచి గాజువాక దాకా
పదకొండేళ్ల కిందటి మనుషుల్ని వెతుక్కుంటూ తిరుగుతుంది.
మొన్న వచ్చి నా ముందు రెండు కాగితాలు పరిచింది.
ఒకటి పోలమ్మ కిందటి అర్జీ.
ఒకటి సోదా రిపోర్టు జిరాక్సు.
రెండింట్లోనూ 'ధ' కింద వత్తు లేదు.
రెండింట్లోనూ మధ్యవర్తులు
మద్యవర్తులయ్యారు.

"టీ తాగొస్తాను గురువుగారూ" అని వెళ్లిపోయింది.
అడగలేదు.
అడిగితే అబద్ధం చెప్పేవాణ్ణి.

ఆ రోజు స్టేషన్లో మిషను చెడిందని
నన్నూ నా మిషన్నూ ఒకే రిక్షాలో తీసుకెళ్లారు.
రైటరు చెబుతున్నాడు, నేను కొడుతున్నాను:
'సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషములకు సోదా చేయగా...'
అప్పుడే షిప్‌యార్డ్‌లో మూడు గంటల సైరన్ కూసింది.
నా వేళ్లు ఆగాయి.
రైటరు నాకేసి చూశాడు.
వేళ్లు కదిలాయి.

మూలన గొంతుక్కూర్చుని ఉన్నాడు దానయ్య,
నిక్కరు మీద ఉప్పు చారలు ఇంకా ఆరలేదు.
చదువు రాదు. నా వేళ్లకేసే చూస్తున్నాడు.
"ఏటి కొడతన్నారు బాబూ?"
"ఏదో కాయితంలే" అన్నాను.
అరవై రూపాయలు ఇచ్చారు. టీ కూడా.

నిరపరాధిలో అపరాధి కంటే
ఒక్క అక్షరమే ఎక్కువ.
అది కొట్టడానికి సిరా ఎంతవుతుంది?

నిన్న కోర్టు మూసేశాక కూర్చున్నాను.
మొదటిసారి నా పేరు, మా నాన్న పేరు,
నా వయసు, నా వృత్తి.
'పైన చెప్పిన నేను ప్రమాణపూర్వకంగా...'
లోపల పెడతారా అని సువర్చలని అడిగాను.
"పెట్టొచ్చు" అంది.
తీపి మాట చెప్పనందుకు ఆమె మీద నమ్మకం కలిగింది.
వత్తు అతికిస్తానని మెకానిక్కు వస్తే పంపేశాను.
అది విరిగే ఉండాలి
హైకోర్టు చూసేదాకా.

మూడో పేజీలో ఉండగా బుట్ట చప్పుడైంది.
"ఏటి కొడతన్నారు బాబూ?"

ఈసారి చదివాను.
మొదటి నుంచి, రిక్షా దగ్గర్నుంచి,
సైరనూ, అరవై రూపాయలూ, టీ.
వీధి దీపాలు వెలిగాయి.
సముద్రం వైపు నుంచి గాలి మళ్లింది,
కాగితం మూల కొట్టుకుంటుంటే
ఆవిడే వేలితో నొక్కి పట్టుకుంది.

తిట్టలేదు.
చుట్టకుదురు విప్పి
మూడు పేజీలకి లెక్కపెట్టి
డబ్బు బల్ల మీద పెట్టింది.

బేరం ఆడలేదు.