కాడి మచ్చ

ఎర్న్ టల్లోక్ అరిజోనా చూడలేదు.
సిడ్నీలో, బాల్మెయిన్‌లో, చేపల కొట్టు పైన
ఒంటి కిటికీ గదిలో కూర్చుని
వారానికి ఎనిమిది పేజీల అరిజోనా గీసేవాడు.
నేను అక్షరాలు రాసేదాన్ని.
"ఢాం" అనీ, "కదిలావో చచ్చావే" అనీ
అతను వదిలిన బెత్తెడు తెలుపులో
రౌడీల బెదిరింపులన్నీ కుక్కేదాన్ని.
ఇంకొంచెం చోటు వదలవయ్యా అంటే
వినిపించుకునేవాడు కాదు.

యుద్ధం వచ్చాక అమెరికా బొమ్మల పుస్తకాలు
ఓడ దిగకూడదన్నారు, డాలర్లు దండగని.
అదే మాకు కూడు పెట్టింది.
పేజీకి ముప్పై షిల్లింగులు,
అట్టబొమ్మకి ఇంకో పది, అదీ అడిగితే.

ఎడారికి ఆధారం ఓ చిరిగిన భూగోళం పుస్తకం.
బ్రహ్మజెముళ్ల వెనక
యూకలిప్టస్ ఒకటి మొలిచేసేది.
చెరిపెయ్యనా అంటే
"ఉండనీ, వాడికి నీడ వద్దూ!"

గుర్రానికి మాత్రం లోటు లేదు.
తెల్లారి ఐదింటికి పెటిగ్రూ రొట్టెల బండి
ఎత్తు ఎక్కలేక మా గుమ్మం ముందు ఆగేది.
డచెస్. బూడిదరంగు ఆడగుర్రం. పదహారేళ్లది.
ఎర్న్ పైజమా మీదే దిగిపోయి
రొట్టె చుట్టే కాగితం మీద
డెక్కలూ మోకాళ్లూ ఆవిరి కక్కే ముక్కూ
దించుకొచ్చేవాడు.
పేజీలోకి ఎక్కేసరికి అది మగదయ్యేది,
వేడ్ లారబీని మోసుకుని లోయలు దూకేది.

క్లాంకరీ నుంచి పశువులు తోలే మనిషి ఒకడు
పెన్సిల్‌తో ఉత్తరం రాశాడు:
"అయ్యా, మీ వీరుడి గుర్రానికి
మెడ దగ్గర వెంట్రుకలు అరిగాయి.
అది బండి లాగిన కాడి మచ్చ.
ఎలా వచ్చిందో వచ్చే నెల చెప్పగలరు."
ఎర్న్ నవ్వలేదు. ఉత్తరాన్ని బల్లకి గుచ్చాడు.
మచ్చ చెరపలేదు, కథలో చెప్పనూ లేదు.

తర్వాత పెటిగ్రూ మోటారు వ్యాను కొన్నాడు.
ఓ సోమవారం డచెస్‌ని ఎవరో తోలుకెళ్లారు.
ఎక్కడికని వీధిలో ఎవరూ అడగలేదు,
అందరికీ తెలుసు.
ఆ వారం ఎనిమిది పేజీలూ
వేడ్ లారబీ కాలినడకన.
పబ్లిషర్ ఫోన్‌లో అరిచాడు: "గుర్రమేదయ్యా?"
"నీళ్లు తాగొస్తానంది" అన్నాడు ఎర్న్.

మళ్లీ ఓడలు వచ్చాయి, రంగుల్లో, చవగ్గా.
అసలు అరిజోనా రేవులో దిగింది.
మా పేజీలు తిరిగిమ్మంటే
బాయిలర్‌లో వేశామన్నారు.
తర్వాత పందొమ్మిదేళ్లు అతను
దుకాణం కేటలాగులకి ఫ్రిజ్‌లు గీశాడు:
తెరిచిన తలుపు, నవ్వే ఆవిడ, పాలసీసా,
పక్కన ఎందుకో ఒక రొట్టె.
రొట్టెని ఫ్రిజ్‌లో ఎవరు పెడతారని
మేనేజరు విసుక్కునేవాడు.

నా దగ్గర ఒక్క పేజీ మిగిలింది,
నేను సిరా ఒలికించి పాడుచేసింది.
వేడ్ లారబీ నడుస్తున్నాడు, భుజాన జీను.
నోటి దగ్గర బెలూన్ ఉంది,
మాట ఏమిటో ఎర్న్ రాసివ్వలేదు.
చోటు మాత్రం, ఆ ఒక్కసారి,
కావలసినంత వదిలాడు.