గురువారం

కౌంటరు మీద ఓ పెట్టె పెట్టి వెళ్ళారు.
డబ్బు పడగానే ఒడియాలో అరుస్తుంది,
ఇన్ని టంకాలొచ్చాయహో అని
ఎదురు సందులో ఇస్త్రీ చేసేవాడు తలెత్తేలా.

పర్లాకిమిడిలో మందుల షాపు నాది,
టైలరు దాలినాయుడి మెట్ల కింద.
నాన్న కూర్చునే రోజుల్లో ఆయనకి చెముడు.
జనం చీటీ రాసి చూపించేవారు.
మందిచ్చి, చీటీ చించేసేవాడు.
ఆ చెముడు వల్లే షాపు నడిచిందని అమ్మ అనేది.

నోటుకి నోరు లేదు.
మహేంద్రతనయ అవతల పాతపట్నంలో చేపలు కొని
ఇవతల నా గల్లాపెట్టెలోకొచ్చిన నోటు
కాస్త నీచు వాసన తప్ప
ఏమీ మోసుకొచ్చేది కాదు.
ఎవరి కొంగు ముడిలో చెమర్చిందో
ఏ బియ్యం డబ్బాలో ఆర్నెల్లు పడుకుందో
అడిగినా చెప్పేది కాదు.

ఒకామె వస్తుంది. పేరు చెప్పను.
నెలకోసారి, కరెంటు పోయిన వేళ చూసుకుని,
చిన్న మాత్రల అట్ట కోసం.
మొదటిసారి ఫోను తీసింది.
తీసి, మళ్ళీ లోపల దోపేసింది.
"మెసేజీ మా ఇంటాయన ఫోనుకెల్లిపోద్ది బావూ."
అప్పట్నుంచి చిల్లరే తెస్తుంది,
రూపాయలు, రెండ్రూపాయలు, పసుపంటిన పదులు.
ఆమె ముందు లెక్కపెట్టను. సరిపోయాయంటాను.
రాత్రి చూస్తే ఒకసారి ఏడు తక్కువ,
ఒకసారి మూడు ఎక్కువ.

మొన్న బరంపురం నుంచి లోను కుర్రాడు ఫోను చేశాడు.
రెండు లక్షలిస్తాం సార్, మీ లెక్కలు బావున్నాయి,
ఒక్కటే డౌటు,
గురువారం మధ్యాహ్నాలు ఏమీ పడట్లేదేం?
షాపు మూస్తారా?

చెవి దగ్గర ఫోను చల్లగా తగిలింది.
పదకొండేళ్ళుగా మూస్తున్నాను.
మా ఆవిడ అడగలేదు.
నేను గుణుపురం రైలెక్కడం చూసినవాళ్ళున్నారు,
వాళ్ళూ అడగలేదు.
ఇంతమంది కలిసి, ఒక్క మాటా అనుకోకుండా
కప్పి ఉంచిన దాన్ని
ముఖం తెలియని ఎవడో
వట్టి ఖాళీలు చూసి పట్టేశాడు.
కొన్నది చదివితే సరే,
కొననిది కూడా చదువుతున్నారు.

లోను వద్దన్నాను.
పెట్టె మాత్రం తీసెయ్యలేను,
సగం మంది జేబుల్లో ఇప్పుడు ఫోను తప్ప మరేం లేదు.
సాయంత్రం టీ తాగుతూ దాలినాయుడితో అన్నాను,
గురువారాల సంగతి పెట్టెకి తెలిసిపోయిందని.
అతను పళ్ళ మధ్య గుండుసూది పెట్టుకుని
ఊఁ అన్నాడు. అంతే.

మీరూ అడక్కండి ఎక్కడికెళ్తానో.

ఈమధ్య శుక్రవారం పొద్దున చూసుకుంటే
నిన్న మధ్యాహ్నం రెండుకో రూపాయి,
రెండున్నరకి ఐదు, మూడు దాటాక ఓ పదకొండు.
అన్నీ దాలినాయుడి నంబరు నుంచే.
నేనేమీ అనలేదు. తిరిగివ్వబోతే
కాలర్ల మీద సుద్దగీతలు గీస్తూ
వినపడనట్టు ఉండిపోయాడు.

తలచుకుంటే నవ్వొస్తుంది.
నేను రైల్లో కిటికీ పక్కన కూర్చున్న ఆ వేళ
ఇక్కడ దించిన షట్టరు వెనక, చీకట్లో,
దగ్గుమందు సీసాల మధ్య
ఎవరికో గట్టిగా చెబుతూ ఉంటుంది పెట్టె:
ఒక టంకా వచ్చిందహో.