క్రావడి

డిసెంబరు మూడో వారం, మెట్టుగూడ.
రైల్వే క్వార్టర్ల గోడ వెనక ఒక షట్టరు,
షట్టరు లోపల ఒక సెకండ్ హ్యాండ్ మిషిను,
దాని ముందు నేను.

ఒక్క తల, పన్నెండు సూదులు.
దాని జ్ఞాపకంలో నూట ఆరు రకాల అక్షరాలున్నాయి.
గంటలున్నాయి, కొమ్ముల జింకలున్నాయి,
మన వీధిలో ఎన్నడూ పడని మంచు కూడా ఉంది.
తెలుగు మాత్రం లేదు.

దీవెనమ్మ జనరల్ బజార్ కవరుతో వచ్చింది,
ఎర్ర ఫెల్టు, మీటరున్నర.
"తొమ్మిది చుక్కలు కావాలె బిడ్డా, చెట్టుకు కట్టేటివి.
ఒక్కోదాని మీద ఒక్కో పిల్ల పేరు. తెలుగుల ఉండాలె.
ఇంగ్లీషుది వాళ్ల బడి సంచుల మీద ఉండనే ఉంది."

మందుల చీటీ వెనకాల పేర్లు రాసిచ్చింది.
ఆస్పత్రి వార్డుల్లో ముప్పై ఏళ్లు
జ్వరాలు రాసిన చెయ్యి.
అక్షరాలకీ కాస్త వణుకుంది.

ఫోటో తీసి ఇల్యాసుకు పంపాను.
శాలిబండలో వాళ్ల తాత
కార్చోబు మీద వంగి జర్దోజీ కుట్టేవాడట.
వీడు మౌసుతో కుడతాడు.
తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవలేడు.
రాత్రి పదకొండుకు ఫోను:
"మీ అక్షరానికి మూల అన్నదే లేదక్కా,
సూది యాడ ఆగాలె?"

ఏమో.
నాకూ ఎవరూ చెప్పలేదు.

ఫెల్టు చట్రంలో బిగించి, కింద కాగితం పెట్టి,
బంగారు దారం ఎక్కించి మీట నొక్కాను.
కెజియా, రెండు వేల మూడొందల కుట్లు.
సుకృత తోక దగ్గర దారం రెండుసార్లు తెగింది.
ఏలియా బుద్ధిమంతుడు,
ఒక్క ఒత్తూ లేనివాడు,
నాలుగు నిమిషాల్లో చుక్కయి కూర్చున్నాడు.
నిస్సీ సగంలో ఉండగా కరెంటు పోయింది.
తిరిగొచ్చాక
మిషినుకు ఆగిన చోటు గుర్తుంది,
నాకు పొయ్యి మీది పాలు గుర్తులేవు.

తొమ్మిదోది తెల్లవారి రెండింటికి దిగింది.
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను.
పభుదాసు.

మిషినుకు విప్పడం రాదు.
అది మనుషుల పని.
బోర్లా తిప్పి, బ్లేడు అంచుతో,
ఒక్కో కుట్టు గొంతు వెతికి కోశాను.
చీర నిండా బంగారు నూగు,
వేలికి ఒక గాటు.
దారమంతా పోయింది, పేరు పోలేదు.
ఫెల్టు మీద సూది పొడిచిన చోటల్లా
చిన్న చిన్న కళ్లు తెరుచుకుని
పభుదాసు, పభుదాసు అంటున్నాయి.

పొద్దున్నే ఇల్యాసు పెన్‌డ్రైవు తెచ్చాడు.
చీటీ చూపించి, 'ప' కింద వంకర గీత మీద వేలు పెట్టాను.
"అది పెన్ను జారిందనుకున్న అక్కా.
పెద్దమ్మ చెయ్యి వణికింది గదా అని
సాఫ్ చేసిన."

ఇద్దరం నవ్వలేదు. తర్వాత నవ్వాం.

సాయంత్రం దీవెనమ్మ వచ్చి
చుక్కల ముందువైపు చూడనే లేదు,
అన్నీ తిరగేసి ముడులు తడిమింది.
"కుట్లు మంచిగ పడ్డయి," అంది,
రోగిని ఇంటికి పంపేస్తున్నట్టు.
పాడైన చుక్క సంగతి చెప్తే
పర్సులో చిల్లర ఏరుకుంటూనే,
"మావోడు రెండో తరగతి దాకా
గట్లనే రాసుకున్నడు తియ్," అంది.
అయినా సరైనదే పట్టుకుపోయింది.

మిగిలిన చుక్కని షట్టరు కొక్కేనికి తగిలించాను.
వీధి బల్బు వెలిగాక
చిల్లుల్లోంచి పేరు సన్నగా బయటికొచ్చింది.
ఇల్యాసు టీ గ్లాసు కింద పెట్టి
దాని దగ్గరికి నడిచాడు,
చెవి మీది బాల్ పెన్ను తీశాడు.
"ఎడమ దిక్కు నుంచి మొదలైతదా అక్కా,
కిందికెళ్లి ఇట్ల వస్తదా?"

అవునన్నాను.
నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి గీశాడు.
మరీ పెద్దదైపోయింది,
'భ' ని కూడా కాస్త మోస్తోంది.

వెనక మిషిను ఎర్రగా మిటకరిస్తోంది,
బాబిన్‌లో దారం అయిపోయిందట.