మధ్యాహ్నం దాకా

కరెంటు బిల్లు వెనక పెన్సిలుతో రాశాను
నా పెళ్లి పువ్వుల లెక్క:
బంతి ఎనిమిది కిలోలు,
చామంతి మూడు. కొట్టేసి, రెండు.
కనకాంబరం మూరల్లో కాదు, బెత్తెల్లో.
మరువం తవిటమ్మ పెద్దమ్మ పెరట్లో ఊరికే.
దారం కొనక్కర్లేదు.

డెకరేషన్ కుర్రాడు ఫోన్లో బొమ్మలు చూపించాడు.
థర్మోకోల్ నెమళ్లు,
ఏ పువ్వుకీ పేరులేని తెల్లటి గోడ.
"ఇరవై ఎనిమిది వేలు, మీరు కాబట్టి."
మేమంటే ఎవరో అతనికి తెలీదు.
మేమంటే నలభై మంది చుట్టాలు,
నెల్లిమర్లలో ఒక కమ్యూనిటీ హాలు వరండా,
పువ్వులకి మూడు వేలు.

"పెళ్లికూతురు తన దండ తానే కట్టుకుంటాదేటే?
నలుగురూ ఏటనుకుంటారు?" అంది అమ్మ.
సీతంనాయుడికి చెబితే నవ్వాడు:
"ఆ నలుగుర్నీ కూడా రమ్మను, సూదులు నేను తెస్తాను."
తెచ్చాడు కూడా.
గోనెసంచులు కుట్టే దబ్బనాలు.
వాటితో బంతిపువ్వుని కాదు, బస్తాని గుచ్చొచ్చు.

మూడు వారాల ముందే పువ్వులకి పరీక్షలు పెట్టాను.
ఒక్కో గ్లాసులో ఒక్కో రకం,
వెనక గోడ మీద బొగ్గుతో టైము.
చామంతి తడిగుడ్డలో రెండు రోజులు.
బంతి, నీళ్లు జల్లితే నల్లబడింది,
దాని మానాన దాన్ని వదిలేస్తే మూడు రోజులుంది.
కనకాంబరానికి వాసన లేదు గానీ మాట తప్పదు.
చివరి గ్లాసులో గోగుపువ్వు. నేను పెట్టింది కాదు.
లేతపసుపు రేకులు, నడుమ వంకాయరంగు కన్ను.
పన్నెండున్నరకల్లా ముడుచుకుపోయింది.
రాశాను: 12.30. పనికిరాదు.

పెళ్లి ముందురోజు తెల్లారగట్ల
విజయనగరం పూలబజారు.
రెండు వారాల కిందటి ధర ఇప్పుడు మూడింతలు.
"కార్తీకం తల్లీ,
దేవుడూ మీరూ ఒక్క దినమే అడిగితే
నానేటి సేసేది?"
ఎనిమిది కిలోలు అయిదయ్యాయి.
చామంతి కిలో దగ్గరే ఆగిపోయింది.
ఆటోలో బుట్ట ఒళ్లో పెట్టుకుని
దారి పొడుగునా కూడికలు, తీసివేతలు.

రాత్రి వరండాలో చాపలు పరిచాం.
నాన్న అటక మీంచి గోగునార దించాడు.
జూటుమిల్లులో ఇరవై రెండేళ్లు మగ్గాలకి నూలు అందించిన మనిషి.
గేటుకి తాళం పడ్డాక
ఆ నార ఎందుకు దాచాడో ఎవరూ అడగలేదు.
తొడ మీద పేనుతూ ఇస్తుంటే
తవిటమ్మ పెద్దమ్మ ముడి నేర్పింది:
"రెండు పూలు ఇటు, రెండు అటు,
బిగించకు, నులక మంచం కాదిది."
పదకొండింటికి కరెంటు పోయింది.
చీకట్లో నా వేళ్లకి ముడి వచ్చేసింది,
దీపం వచ్చాక మళ్లీ మర్చిపోయాయి.

మండపం ముందు నాలుగు రాటల్లో
రెండు బోసిగానే మిగిలాయి.
మూడింటికి చూస్తే నాన్న సైకిలు లేదు.

వెలుగు రాకముందే వచ్చాడు,
కేరియరు మీద మనిషెత్తు గోగు మోపు,
కాడ కాడకీ విచ్చబోతున్న మొగ్గలు.
"పులుసుకా, పెళ్లికా?" అమ్మ.
"ముహూర్తం తొమ్మిదీ నలభైకే కదా" అన్నాడు,
రాటకి కాడలు కట్టుకుంటూ.
స్నానానికి వెళ్తూ గోడ చూశాను.
నా పనికిరాదు అలాగే ఉంది.
12.30 కింద మాత్రం
ఎవరో బొగ్గుతో గీత గీశారు.

దండ పొడవు అమ్మని నిలబెట్టి కొలిచాను.
సీతంనాయుడికి అది చొక్కాజేబు దగ్గరే ఆగింది.
ఫొటోల్లో అందరూ నవ్వుతున్నారు, అందుకే.
వెనక రాటల నిండా
లేతపసుపు, వంకాయరంగు కళ్లు,
తాళి కట్టేదాకా రెప్పవేయకుండా.

మూడో బంతి భోజనాల వేళకి
ఒక్కొక్కటే ముడుచుకున్నాయి.
ఎవరూ చూడలేదు.
వడ్డన బకెట్టుతో నాన్న ఒక్క క్షణం ఆగి,
వాచీ లేని మణికట్టు చూసుకుని
"షిఫ్టు దిగిపోయాయి" అన్నాడు.

సాయంత్రం బంతిపూలు మేకలకేశాం.
లెక్కలో నూట పది రూపాయలు మిగిలాయి.
గోగుకాడలు మాత్రం పారెయ్యనివ్వలేదు.
విడిగా కట్ట కట్టి
సైకిలుకెత్తుకున్నాడు,
నీళ్లలో ఊరెయ్యాలని.