నమూనా ముక్క

మూడు ముక్కలు తెచ్చాడు మా అల్లుడు,
ఒక్కోటి అరచేతికి రెండింతలు.
వెనక చీటీల మీద పేర్లు: తోట, వసంతం, రాజసం.
చీజ్ పళ్ళెం పక్కన పరిచి
"నిమిరి చూడండి" అన్నాడు,
కుక్కపిల్లను అమ్మేవాడిలా.

నిమిరాను. మెత్తగానే ఉంది.
రాజసంలో అక్కడక్కడా ఎండు పోచలు కూడా కుట్టారు,
అబద్ధానికి పుట్టుమచ్చ పెట్టినట్టు.
"పచ్చి అబద్ధం" అంది వీట్స్కె, టీ వడగడుతూ.
"పచ్చిది కూడా కాదు" అన్నాను.

నా మోకాళ్ళకూ ఈ ఇంట్లో చెరో ఓటుంది.
ఎడమది ప్లాస్టిక్కూ లోహమూ.
ఆరేళ్ళ కిందట ఆస్పత్రిలో బిగించారు,
దాన్ని నేనెన్నడూ పరాయిదనలేదు.
కుడిది నాతో పుట్టింది.
గడ్డి మిషను తోసిన ప్రతి శనివారం
సాయంత్రం దాకా తిడుతుంది.

అయినా అసలు గడ్డి అని దేన్నంటాం ఇక్కడ?
నేను పుట్టేనాటికి
ఈ పెరడు మీద నిలువెత్తు దాటి నీళ్ళు,
నీళ్ళలో ఈల్ చేపలు.
కట్ట కట్టి, తోడి పోసి,
విమానంలోంచి రెల్లు గింజలు చల్లి,
నీటి అడుగును నేల అని పిలవడం నేర్చుకున్నాం.
ముప్పయ్యొక్క ఏళ్ళు పంపుహౌసులో ఉద్యోగం నాది.
నీరు పల్లమెరుగు అంటారు.
నాకు తెలీదా, మా ఊరంతా పల్లమే.
రాత్రి డ్యూటీలో మీటరు ముల్లు వణికితే
నిద్రపోతున్న పెరళ్ళన్నీ
నా గుప్పిట్లో వణికేవి.

మా గడ్డి మాత్రం? అదీ లారీలోనే వచ్చింది,
చుట్టలు చుట్టుకుని, తివాచీలాగే.
బిల్లు ఇంకా సొరుగులో ఉంది.

ఎటూ తేలక
మూడు ముక్కల్నీ పెరట్లో పరిచి మేకులు కొట్టాం.
వేసవి తేలుస్తుందిలే అనుకున్నాం.

జూలైలో చినుకు లేదు.
గడ్డంతా పాత పళ్ళబ్రష్షు రంగుకు తిరిగింది.
ఆ మూడూ అలాగే, వార్నిష్ వేసినట్టు.
కంచె మీంచి సుఖ్‌రామ్ గారు తొంగి చూసి
"పెరట్లో మూడు కిటికీలు పెట్టించారేం?" అన్నారు.
పరమారిబో నుంచి వచ్చి నలభై ఏళ్ళు ఆయన,
ఇప్పటికీ చెప్పుల్లేకుండానే మొక్కలకు నీళ్ళు పోస్తారు.
మా బొల్లె రాజసం మీద పడుకోబోయి
పెనం తగిలినట్టు ఎగిరి దూకింది.

ఒక పొద్దున నల్లపిట్ట వచ్చింది.
వసంతం మీద నిలబడి తల వంచి విన్నది.
వాన చప్పుడుకు నేను పంపుకు చెవి ఆనించినట్టే.
చాలాసేపు.
తర్వాత ఒక్క అడుగు పక్కకు వేసి
ఎండిన గడ్డి మీద
మళ్ళీ మొదటినుంచి విన్నది.

సెప్టెంబరులో వంటింటి చాకుతో మేకులు పెకలించాను.
కింద వెల్తురు లేదు, రంగు లేదు,
కానీ ఊరుకోలేదు అది.
దారంలాంటి తెల్లటి పోచలు
పైకి దారి దొరక్క
అడ్డంగా పాకాయి, చూపుడువేలు పొడవున.
అంచు దాటిన ఒకే ఒక్కదాని కొస
పచ్చగా.

ఇలాంటి పట్టుదలకు ఎదురుగా
ముప్పయ్యొక్క ఏళ్ళు కూచున్నాను నేను,
అది నీళ్ళది, అంతే తేడా.
కుడిమోకాలి మీద వంగానని గుర్తొచ్చేసరికి
లేవలేకపోయాను.
వీట్స్కె వచ్చి చంకలో చేయి వేసి లేపింది.
ఏమీ అడగలేదు.

మర్నాడు ఫోను చేశాను.
దుకాణానికి కాదు, ఆస్పత్రికి.
నవంబరు పద్నాలుగు ఇచ్చారు.
అంతదాకా గడ్డి దాని ఇష్టం.

వసంతాన్ని పారెయ్యలేదు,
వెనక గుమ్మం ముందు వేశాం.
బూట్ల బురద బాగా పట్టుకుంటుంది.