చప్పనీళ్లు

కరకంబాడి రోడ్డు మీద పాలీహౌస్‌లో
మూడో వరస, ఎడంపక్క, కొస కుండీ.
కలాథియా అంటారు దాన్ని.
ఆ పేరు నోరు తిరగడానికి నాకు వారం పట్టింది,
అంచులు మాడడానికి దానికీ అంతే.

కడియం లారీలో నలభై దిగినాయి.
ముప్పైతొమ్మిది అప్పుడే అమ్ముడుపోయినాయి.
ఇది పొట్టిదని ఎవరూ తీసుకోలా.

పొద్దుగూకితే ఆకులన్నీ పైకి లేపి
పని అయిపోయినాక చేటలు గోడకు ఆనించినట్టు
నిలబెట్టుకునేది.
తెల్లారితే మళ్లీ పరిచేది.
పోయిన మంగళవారం నుంచి
లేపేదీ లేదు, దించేదీ లేదు,
చెప్పబోయిన మాట మింగినట్టు
సగంలో ఆగిపోయింది.

ఓనరు గుర్రప్ప చూసి
‘నీళ్లు ఎక్కువైనాయి’ అన్నాడు.
రెండు రోజులు ఎండగట్టినా.
పురుగుమందులంగడి ఏకాంబరం వచ్చి
‘నీళ్లు చాల్లేదు’ అన్నాడు.
రెండు పూటలా తడిపినా.
నల్లి ఉందేమోనని ఆకు తిరగేసి
తెల్లకాగితం మీద తట్టినా.
దుమ్ము రాలింది. దుమ్ము నడవలేదు.
ఎండెక్కువని ఇంకో పొర నెట్టు కట్టినా.
కుండీ బోర్లించి వేళ్లు చూసినా,
తెల్లగా, గట్టిగానే ఉండాయి.
మట్టి మార్చినా.
ఇంగ మార్చడానికి
నేను తప్ప ఏమీ మిగల్లేదు.

పక్కన క్రోటన్లు మాత్రం
ఏం పోసినా అరిగించుకోని
సిగ్గులేకుండా కళకళలాడతా ఉండాయి.

ఆ రాత్రి టీ కాచిన గిన్నె కడుగుతా చూసినా.
అడుగున తెల్లటి పక్కు, గోరుతో గీరినా రాదు.
పొద్దున కుండీ అంచు చూసినా.
అదే తెలుపు.

మా బోరు తొమ్మిదివందల అడుగులు.
అంత లోతు నుంచి నీళ్లు ఊరికే రావు,
రాళ్లను నాకుతా వస్తాయి.
ఆ నీళ్లకే నా జుట్టు పిడికెడైంది,
ఆ నీళ్లలో కందిపప్పు గంటసేపైనా ఉడకదు.
నేను అలవాటు పడినా.
అది పడలేదు.
తప్పు దానిదని ఎట్లంటాను?

క్యాను నీళ్లు కొందామన్నా అంటే
గుర్రప్ప నవ్వినాడు,
‘మీరు తాగేదానికే కొనలేదు గదమ్మా.’

మా ఆడబిడ్డ దేశమ్మ
బస్టాండు కాడ లాడ్జీలో గదులు తుడుస్తాది.
వేరే ఏదో మాట్లాడతా మధ్యలో అనింది:
‘ఏసీల వెనక పైపులు కారతానే ఉంటాయి వదినా,
బకెట్లు బకెట్లు పారబోస్తా ఉండాము.
నాలిక మీద ఏసుకుంటే ఏ రుచీ లేదు.’

ఏ రుచీ లేని నీళ్లు.
నేను కూర్చున్న చోట నుంచి లేచినా.

ఇప్పుడు రోజూ పొద్దున బస్సులో
కాళ్ల మధ్య రెండు పాత నూనె క్యాన్లు.
కండక్టరు ఒకసారి మూత తీసి వాసన చూసినాడు.
‘తీర్థమా?’
‘కాదన్నా. చెట్టుకు.’

పోసేటప్పుడు అనుకుంటా ఉంటా.
రాత్రి ఆ గదుల్లో ఎవరెవరో పండుకోనుంటారు,
కరీంనగర్ వాళ్లు, షోలాపూర్ వాళ్లు,
కొత్త గుండుకు చందనం పూసిన పిల్లోడు.
వాళ్లు వదిలిన ఊపిరి,
కుర్చీల మీద ఆరేసిన పంచెల తడి,
గోడ అవతల బొట్టు బొట్టుగా దిగి
ఏ దేశం అడివిలోదో ఈ పొట్టిదాని
వేళ్లలోకి పోతా ఉండాది.
వాళ్లకు తెలీదు. దీనికీ తెలీదు.

మాడిన అంచు మళ్లీ పచ్చబడదు.
ఆకు రూపు చెడకుండా
వంపు తిప్పుతా కత్తెరతో కోసేసినా.
పదమూడో రోజు నడిమధ్యన కొత్త ఆకు,
బీడీ అంత సన్నంగా చుట్టుకోని.
విప్పి చూద్దామని పోయిన చెయ్యిని
వెనక్కి తీసుకున్నా.

నిన్న రెండొందల నాలుగులో ఏసీ చెడిపోయిందంట.
ఒక క్యానే దొరికింది.
సగం దానికి పోసినా.
మిగిలిన సగాన్ని చూస్తా కొంచేపు నిలబడినా.
నెట్టు చాటుకు పోయి,
జడ విప్పుకోని,
తల మీద పోసుకున్నా.