పావు చుట్టు

హ్యాండిలు తిప్పుతే పావు చుట్టు దాకా
ఏం కదలదు.
చెయ్యి తిరుగుతది, డయలు మీది గీతలు తిరుగుతయి,
టూలు మాత్రం ఉన్నకాడనే,
వినీ విననట్టు.
అటెన్క టక్కుమని ఒక చిన్న చప్పుడు.
అప్పుడు నడుస్తది.

కాశిబుగ్గల ఈ షెడ్డు, ఈ లేతు నాకు అప్పజెప్పిన నాడు
సర్వర్ మియా ఒక్కటే మాట చెప్పిండు:
"పావు చుట్టు దానికి ఇడిసిపెట్టు ఓదేలూ,
మిగిలిందంత నీదే."

ఇడిసిన. పద్దెనిమిదేండ్లు.
బోరు మోటరు షాఫ్టులు, జిన్నింగు మిల్లు బుష్షులు,
ఎనుమాముల మార్కెట్ల కాంటాలకు పిన్నులు,
అన్నిట్ల ఆ పావు చుట్టు ఉన్నది.
ఎవ్వలికి కనపడదు.

మిరుగు ముంగట, కరెంటు పోయిన ఒక పగటీలి
స్క్రూ ఊడదీసి గుడ్డపేలికతోటి తుడిచిన.
రెండు కొసలకు చూడీలు కొత్తగనే ఉన్నయి,
కంపెనీ నలుపు సుత పోలే.
నడుమ జానెడు మేరనే
కత్తి వాదర లెక్క పల్చబడ్డయి.
పనంత ఆ జానెట్లనే చేసిన గద.

బజార్ల అడిగితే నవ్విండ్రు.
ఆ కంపెనీ ఎన్నడో మూతపడ్డదట.
"తూకానికెయ్యి, కొత్తది తెచ్చుకో."

ఉక్కు కడ్డీ ఒకటి కొనుక్కొని సైకిలుకు కట్టుకొచ్చిన.
అరిగిన మిషను మీదనే
దాని కొత్త ఎముక కొయ్యాలె.
అడ్డం స్లైడు మెదలకుంట బిగించి
మీది చిన్న స్లైడుతోటే
ఎంటిక మందం, ఎంటిక మందం లోపటికి.
అంగుళానికి ఎనిమిది చూడీలు,
చుట్టుకు ఒక్క సూతు,
అదీ ఎడమ చూడీ,
చక్కు కాడ మొదలువెట్టి బయటికి నడవాలె.

నూనె పోసుకుంట జమీల్ అడిగిండు,
"కాకా, ఇది తనకు తానే ఆపరేషన్ చేసుకుంటున్నదా?"
మాట్లాడకురా.
ఇది ఇరవై మూడో కోత.

మూడోనాడు గన్‌మెటల్ నట్టు ఎక్కిస్తుంటే
చలికాలం నెయ్యిల ఏలు దిగినట్టు.
హ్యాండిలు ముట్టుకుంటె చాలు, టూలు కదిలింది.
టక్కు లేదు.
చెవి మాత్రం ఇంక దానికోసమే చూస్తున్నది.

జమ్మికుంట నుంచి ఒకాయన పంపు బుష్షు పనికొచ్చిండు.
అలవాటుగ ఎన్కకు తీసిన,
అలవాటుగ పావు చుట్టు ఎక్కువ తిప్పిన.
పావు సూతు లోతుకు
కడక్కుమని దిగింది.
బుష్షు ఖతం.

జమీల్ నవ్వలే. నేనే నవ్విన.
స్క్రూ మార్చినగని
మణికట్టుకు ఏ బజార్ల దొరుకుతది నట్టు?

పాడైన బుష్షును కరెంటు బిల్లుల మీద బరువుకు పెట్టి
ఇంకో ముక్క బిగించిన.
ఎడమచేత్తోటి కుడిచెయ్యి పట్టుకొని
పలక మీద పోరనితోటి దిద్దిచ్చినట్టు
మెల్లగ తిప్పుతున్న,
ఒక గీత. ఇంకో గీత.

జమ్మికుంటాయన
బస్సు టైమైతుందని గడియారం చూస్తున్నడు.